మూడు ఫేజుల ఆవం

రుక్మాబాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని బోధన్‌లో ఆమెను ఎరిగిన వాళ్లంతా అంటారు. ముక్కు మీది కోపమైతే ఒక్క తుమ్ముకు ఎగిరిపోవాలి. ఆమెది కుండలు కాల్చే ఆవంలో నిప్పు లాంటిది. పైకి బూడిదే కనబడుతుంది, చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుంది సంగతి. ఆమె అరుపులు విని నవ్వుకునేవాళ్లు గల్లీ నిండా ఉన్నారు. ఆ అరుపు ఎందుకో కూర్చుని విన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది లేరు. నన్నడిగితే, ఈ చెరుకు నేలలో అంత న్యాయమైన కోపం ఈ మధ్య ఎవరికీ రాలేదు.

రుక్మాబాయి పెళ్లయి ఈ ఇంట అడుగు పెట్టేనాటికి మామ బసవయ్య సారె తిప్పుతున్నాడు. కొడుకు రామ్‌దాస్‌కు ఆ కుమ్మరి చక్రం మీద మనసు లేదు. బోరు మోటార్లకు వైండింగు చుట్టడం నేర్చుకుని, బస్టాండు వెనుక చిన్న షాపు పెట్టుకున్నాడు. మామ పోయాక సారె మూలన పడింది. కొంతకాలానికి రుక్మాబాయి దాని మీది దుమ్ము దులిపి, తానే కూర్చుంది. కులపోళ్లు కస్సుమన్నారు. ఆడది మట్టి తొక్కవచ్చు, కుండ అడుగు చెక్కతో చరచవచ్చు, జాజు పూయవచ్చు గానీ, సారె మీద చెయ్యి పెట్టడమేమిటన్నారు.

"మొగోడు మోటర్లు సుట్టుకుంట కూసుంటే సారె ఎవ్వలు తిప్పాలె? మీరొచ్చి తిప్పుతరా?" అని అడిగింది రుక్మాబాయి.

ఎవరూ రాలేదు. ఆమె కుండలు మాత్రం బోధన్ సంతకు వెళ్లాయి, బోనాలకు వెళ్లాయి, పెళ్లి పందిళ్లకు వెళ్లాయి. తిట్టిన కులపోళ్లే తమ ఇంట్లో పెళ్లికి ఐరేని కుండలు ఆమె చేతి మీదుగానే పట్టుకుపోయారు.

ఐరేని కుండల సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. మన దగ్గర పెళ్లంటే కుమ్మరి ఇంటి నుంచి కుండలు రావాలి. పెళ్లివారి ఆడవాళ్లు డప్పులతో కుమ్మరి ఇంటికి వెళ్లి, ఆ ఇల్లాలికి చీరా బియ్యమూ పెట్టి, రంగులు వేసిన కుండలను నెత్తిన పెట్టుకుని పందిరికి తెస్తారు. వాటిలో నీళ్లు పోసి దేవుడి మూల పెట్టాకే మిగతా తంతు. కుమ్మరి ఇల్లాలు చీర అందుకోకపోతే ఆ కుండ ఉత్త కుండే, ఐరేని కాదు. ఇంకొక కట్టు కూడా ఉంది. అది చెప్పే చోటు వచ్చినప్పుడు చెబుతాను.

రుక్మాబాయి ఇంటి వెనుక ఖాళీ జాగాలో ఆవం ఉండేది. మామ తాత నాటి ఆవం. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు పిప్పి తెచ్చి కాల్చేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక వరి ఊక, చెరుకు ఆకు. నెలకొకసారి కుండలు పేర్చి, పైన గడ్డీ మట్టీ కప్పి, తెల్లవారుజామున నిప్పు పెడితే పొద్దుగూకేదాకా పొగ వచ్చేది. చుట్టూ చెరుకు తోటలే కదా, ఆ పొగ ఎవరికీ పట్టలేదు. ఫ్యాక్టరీ లేని చెరుకు ఎవరికి కావాలి? తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి, ఆ ఇళ్లకొక కాలనీ పేరూ, ఇనుప కమానూ వచ్చాయి. ఆవం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

కాలనీలో మొదటి ఇల్లు బుజ్జిబాబుది. వాళ్ల తాతలు గోదావరి జిల్లా నుంచి వచ్చి, వర్ని దగ్గర కాలువ కింద భూములు కొని, మూడు తరాలుగా వరి పండిస్తున్నారు. మనిషి చెడ్డవాడని అనను. గుడికిస్తాడు, బడికిస్తాడు, కనబడితే నమస్కారం పెడతాడు. అయితే తన గోడ లోపలే లోకమంతా ఉందనుకునే రకం. ఆవం పొగ తమ మేడ మీదికి వస్తోందని ఫోన్‌లో ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు. దాని కింద ఒకరు దగ్గు అన్నారు, ఒకరు ఆరిన బట్టలన్నారు, ఒకరు పసిపిల్లలన్నారు. మరుసటి ఆదివారం మగవాళ్లంతా మందగా రుక్మాబాయి వాకిట్లోకి వచ్చారు.

"చూడమ్మా, నీ పని మాకు గౌరవమే. కానీ ఈ పొగ మాత్రం కుదరదు," అన్నాడు బుజ్జిబాబు.

"మీ ఇల్లు కట్టకముందు సంది ఉన్నది సారూ నా ఆవం. పొగ మీ ఇంటికి రాలే. మీ ఇల్లే పొగకాడికొచ్చింది."

"మాటకు మాట కాదమ్మా. ఇది కాలనీ ఇప్పుడు."

"నెలకొక్క దినం. ఒక్క దినానికి సచ్చిపోతరా ఎవ్వలన్న?"

ఎవరూ చావరు. కానీ వాళ్లతో వచ్చిన వార్డు పెద్దమనిషి కాలనీ వైపు మొగ్గాడు. ఇకమీదట ఆవం ముట్టించొద్దని, ముట్టిస్తే కేసు పెడతారని తేల్చాడు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు. తరాల ఆవం అరగంట పంచాయితీలో ఆరిపోయింది. ఆ రోజు రుక్మాబాయి వాళ్ల వెనుక గల్లీ చివరిదాకా తిట్టుకుంటూ నడిచింది. ఇంటికొచ్చి ఆవం పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవం లేకపోతే చేసిన కుండ మట్టే. నీళ్లు తగిలితే మళ్లీ మట్టిలో కలిసేదాన్ని ఎన్ని చేసి ఏం లాభం? సారె ఆపాల్సిందే. తిట్లు పడి, కులాన్ని ఎదిరించి చేతబట్టిన పనిని ఒక ఫోటోకు వదిలెయ్యాలా అన్నదే ఆమె కడుపుమంట.

అప్పుడు దిగింది కరెంటు ఆవం.

డిచ్‌పల్లి హైవే పక్కన కల్యాణి అనే ఆవిడ పిల్లలకు మట్టి బొమ్మలు నేర్పే స్టూడియో నడిపేది. సారె మీద చెయ్యి కుదరడానికి కొన్నాళ్లు రుక్మాబాయి దగ్గరే కూర్చుని నేర్చుకుంది. ఇప్పుడు స్టూడియో ఎత్తేసి పూణే వెళ్తూ, తన కరెంటు ఆవాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపింది. బీరువా అంత ఉంది. లోపల గోడల నిండా ఇటుకల గాడుల్లో మూడు వరుసలుగా కరెంటుకు ఎర్రగా కాగే తీగచుట్లు, కాయిళ్లు. పొగ లేదు, బూడిద లేదు. పక్కన రేకు ప్లేటు మీద ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు.

"అక్కా, ఒక్క మాట మర్చిపోకండి," అంది కల్యాణి ఫోన్‌లో. "దీనికి మూడు ఫేజుల కరెంటు కావాలి. మీ ఇంట్లో ఉన్నది ఒకటే ఫేజు, ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ సరిపోయేది. ముందు లైన్ తెచ్చుకోండి. ఆ తర్వాతే కలపండి. రామ్‌దాస్ అన్నను ఆ ప్లేటు ఒకసారి చదివి, నాకు ఫోన్ చెయ్యమనండి."

మూడు ఫేజుల లైన్ ఎంత దూరంలో ఉంది? బుజ్జిబాబు ఇంటి ముందు స్తంభం దాకా వచ్చి ఆగింది. లైన్‌మన్ సిద్దిరాములు వచ్చి చూసి, మధ్యలో ఒక్క స్తంభం పాతితే చాలన్నాడు. పాతడానికి చోటు కూడా ఒక్కటే ఉంది. గల్లీ మూల మీద, బుజ్జిబాబు ప్రహరీని ఆనుకుని.

బుజ్జిబాబు లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చాడు. మూల చూశాడు, సూర్యుణ్ని చూశాడు, మళ్లీ మూల చూశాడు.

"ఇది మా ఈశాన్యం కదండీ," అన్నాడు. "ఈశాన్యంలో స్తంభం పడితే ఇంటికి అరిష్టం. ఆడపిల్ల పెళ్లికుంది ఇంట్లో. నేనొప్పుకోను."

"గల్లీ సర్కారుది సారూ, మీది గోడ లోపలే," అన్నాడు సిద్దిరాములు.

"గోడ లోపలున్న మనుషులకే కదయ్యా అరిష్టం."

సిద్దిరాములు రుక్మాబాయి వైపు తిరిగి, ఇరుగుపొరుగు గొడవ ఉన్నచోట స్తంభం పాతడానికి ఆఫీసులో ఒప్పుకోరని, ఆయనను ఒప్పించుకుంటే తెల్లారే వస్తానని చెప్పి మోటారు సైకిలెక్కాడు. రుక్మాబాయికి ఒళ్లంతా భగ్గుమంది. పొగొద్దన్నది ఈయనే. పొగ లేనిది తెచ్చుకుంటే తీగ వద్దంటున్నదీ ఈయనే.

"పొగైతే ముక్కులకొస్తది, తీగైతే వాస్తులకొస్తది! నేనేం జెయ్యాలె సారూ? కుండలు నోటితోని ఊది కాల్చాల్నా?" అని వీధి దద్దరిల్లేలా అరిచింది.

బుజ్జిబాబు నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నమస్కారం పెట్టే మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో రామ్‌దాస్ మాత్రం ధీమాగా ఉన్నాడు. ఈ జిల్లాలో మోటారు కట్టే ప్రతివాడికీ ఉండే ధీమా అది. పొలాల్లో ఒక ఫేజు పోతే ఎవరూ మోటారు ఆపరు. కండెన్సర్ ఒకటి తగిలిస్తే, అది లేని ఫేజును ఉన్నట్టు నమ్మించి మోటారును తిప్పేస్తుంది. చెరుకు తడిసేది, వరి తడిసేది అలాగే. రామ్‌దాస్ ఎందరి బోర్లకో అలా ప్రాణం పోశాడు.

"ఒక్క స్తంభానికి గింత లొల్లి ఎందుకే? రెండు కండెన్సర్లు కొడత. ఇంట్ల కరెంటుతోనే మూడు ఫేజులు తయారైతయ్," అన్నాడు.

"ఆ మేడం ఫోన్ జెయ్యమన్నది. ప్లేటు సదువుమన్నది."

"ఆమెకు మన్ను తెలుసు. కరెంటు నాకు తెలుసు. నా మీదికెళ్లి ఆమెనడుగుడేంది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించి గెలవలేక, రుక్మాబాయి సరేనంది. పైగా ఆమె కళ్ల ముందు తిరిగిన మోటార్లు అన్నీ ఇన్నీనా? మోటారుకు పనికొచ్చిన ఉపాయం ఆవానికెందుకు పనికిరాదని ఆమె కూడా అనుకుంది. రామ్‌దాస్ కండెన్సర్లు తగిలించి, ఫ్యూజుకు లావు తీగ చుట్టి, స్విచ్చు వేశాడు. ఆవం గుయ్యిమంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఆ నవ్వు సాయంత్రానికి ఆరిపోయింది. ఆవం తలుపుకున్న చిన్న బెజ్జంలోంచి చూస్తే పై వరుస కాయిలు ఎర్రబడింది. మధ్యది కమిలినట్టుగా ఉంది. కింది వరుస నల్లగానే ఉంది, కాస్త వేడెక్కిందంతే. పొద్దుగూకి కాలనీలో లైట్లు వేసే వేళకు, వీధి వీధంతా బల్బులు కునుకుపాట్లు పడ్డాయి. ఎవరింట్లోనో ఏసీ ఆగింది. ఇంకెవరింట్లోనో మోటారు మూలిగి ఊరుకుంది. పదిమందితో బుజ్జిబాబు మళ్లీ వాకిట్లోకి వచ్చాడు.

"మొన్నటిదాకా మా గాలి పాడుచేశావు, ఇప్పుడు మా కరెంటు తాగుతున్నావు. ఏంటమ్మా ఇది?"

"ఆ మూల మీద స్తంభం పడితే మీ కరెంటు నాకెందుకు? మీరే తాగిపిస్తున్నరు!" అంది రుక్మాబాయి. రామ్‌దాస్ గబగబా వెళ్లి స్విచ్చు తీసేశాడు.

ఆవం చల్లారాక రుక్మాబాయి తలుపు తెరిచింది. పై వరుస కుండను వేలి మెటికతో కొట్టింది. కాలిన కుండ ఖంగుమనాలి. ఇది నోట్లో గుడ్డ కుక్కినవాడిలా మూలిగింది. కింది వరుసవి అట్టముక్క చప్పుడు చేశాయి. కల్యాణికి ఆమే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మొగుడి మొహానికి పట్టుకుంది. కల్యాణి అంతా విని, కోప్పడకుండా చెప్పింది. మోటారు తిరిగే వస్తువు, దానికి కావలసింది మూడు వైపుల నుంచి తోపు. కండెన్సర్ ఆ తోపును ఎలాగో సర్దుతుంది. కాయిలు తిరగదు, కాలుతుంది. మూడు వరుసలకూ దేనికి కావలసిన కరెంటు దానికి నిండుగా అందాలి. లేని కరెంటును కండెన్సర్ పుట్టించలేదు. పైగా ఇంటి మీటరు, ఇంటి తీగ అంత బరువు మొయ్యలేవు. ఫ్యూజులో లావు తీగ చుట్టి ఇల్లు తగలబెట్టుకోలేదు, అదే మీ అదృష్టం అంది.

ఫోన్ పెట్టేశాక రుక్మాబాయి నోరు విప్పింది.

"ఆవానికి రెక్కలున్నయా తిరుగనీకి? ఒక్క ఫోన్ జేస్తే నీ మూతి మీద మీసం రాలుతదా? ఇన్ని దినాలు సారె ముంగట కూసోని నేను జేసిన కుండలు! నీ మోటరు బుద్ధికి పచ్చివైపాయె!"

రామ్‌దాస్ తల వంచుకుని ఫ్యూజులోని లావు తీగ విప్పుకుంటూ కూర్చున్నాడు.  ఎదురు చెప్పి ఉంటే ఆమెకు కొంచెం చల్లారేదేమో. కరెంటు ఆవం మీద దుప్పటి కప్పారు. దాని మీద కోళ్లు ఎక్కి కూర్చుంటే వాటిని కూడా ఆమె పేరుపేరునా తిట్టింది.

అలా ఉండగా ఒక పొద్దున బుజ్జిబాబు భార్య సీతమ్మ, పసుపు కుంకుమల పళ్లెం, తాంబూలం పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వెనకాల బుజ్జిబాబు.

"సాహిత్యకి సంబంధం కుదిరింది రుక్మాబాయమ్మా," అంది సీతమ్మ సంతోషంగా. "మా వైపు అరివేణి కుండలంటాం, మీరు ఐరేని అంటారు. మా పెద్దమ్మాయి పెళ్లికి నువ్వే ఇచ్చావు. దీనిక్కూడా నీ చేత్తోనే కావాలి."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. రుక్మాబాయికి కళ్లు ఎర్రబడ్డాయి.  లోపలికి వెళ్లి, కరెంటు ఆవంలో కింది వరుస కుండ ఒకటి తెచ్చి గడప మీద పెట్టింది. చూడటానికి గుండ్రంగా, ముద్దుగా ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చి అందులో పోసింది.

ముగ్గురూ చూస్తూనే ఉన్నారు. మొదట అడుగున చెమ్మ పట్టింది. తర్వాత పొట్ట కిందికి జారింది. మూతి ఒక పక్కకు వంగి, కుండ తనలో తానే కూలిపోయింది. నీళ్లు గడప మీంచి బురదగా కారి సీతమ్మ పాదాల దాకా వచ్చాయి. ఆమె అయ్యో అంటూ వెనక్కి జరిగింది.

"గిదమ్మా నా కాడున్నది," అంది రుక్మాబాయి. "ఆవం ఆర్పించిండ్రు. తీగ ఆపిండ్రు. పచ్చి కుండ పందిట్ల పెట్టుకుంటనంటే తీస్కపోండ్రి. ఇంకో ముచ్చట నాకాడ లేదు."

"పెళ్లి మాట చెప్పడానికొస్తే ఇదేం అపశకునం!" అని బుజ్జిబాబు మండిపడ్డాడు. "నువ్వొక్కదానివేనా కుమ్మరివి? కారేసుకుని వర్ని వెళ్తే బండెడు తెస్తాను."

వెళ్లాడు కూడా. వర్నిలో చిన్నయ్య అనే కుమ్మరి ఇంట్లో అప్పుడే ఆవం దించి, ఎర్రటి కుండలు వరసగా చల్లారబెట్టి ఉన్నాయి. బుజ్జిబాబు ప్రాణం లేచొచ్చింది. ఐరేని కుండలు కావాలన్నాడు. చిన్నయ్య ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. బోధన్ అని, కాలనీ పేరు చెప్పగానే చేతిలోని కుండను తిరిగి వరసలో పెట్టేశాడు.

ఇందాక చెబుతానన్న కట్టు ఇదే. ఒక కుమ్మరి ఇలాకాలోని గడపకు, ఆ కుమ్మరి బతికి ఉండగా ఇంకొక కుమ్మరి ఐరేని ఇవ్వడు. నీళ్ల కుండ అమ్ముతాడు, పూల కుండీ అమ్ముతాడు, ఐరేని మాత్రం ఇవ్వడు. ఇస్తే ఆ ఇంటి అన్నంలో మన్ను పోసినట్టే.

ఆ మధ్యాహ్నం చిన్నయ్య రుక్మాబాయికి ఫోన్ చేశాడు.

"అక్కా, నీ గల్లీకెళ్లి ఒక సారొచ్చిండు ఐరేనికి. ఎంతంటే అంత ఇస్తనన్నడు. మా అక్క సారె తిరుగుతుండంగ నేనెట్ల ఇస్త, పోయి ఆమెనే అడుగుండ్రి అన్న. నీ ఆవం బందైందంట, నిజమేనా? ఒక్క మాటన్న జెప్పకపోతివి."

సారె మీద చెయ్యి పెట్టినందుకు ఒకనాడు కస్సుమన్నవాళ్లలో ఈ చిన్నయ్య తండ్రి కూడా ఉన్నాడు.  నెలల తరబడి ఊరంతటి మీద అరిచిన రుక్మాబాయి, అయినవాడు ఒకడు తన పక్క నిలబడేసరికి ఫోన్ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఖాళీ కారుతో తిరిగొచ్చిన బుజ్జిబాబు, ఇత్తడి బిందెలు పెట్టుకుందామన్నాడు. సీతమ్మ ఒప్పుకోలేదు. గోడ అవతలి రుక్మాబాయికి వినబడేంత గట్టిగా జరిగింది ఆ గొడవ.

"స్తంభం ఈశాన్యంలో పడితే ఏమవుతుందో మీ వాస్తు సిద్ధాంతి చెప్పాలి. పచ్చి కుండలో నీళ్లు పోస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. నా బిడ్డ పందిట్లో అలా జరిగితే నేను బతకను. ఇన్నాళ్లూ మీ మాటే నడిచింది. ఈ ఒక్కటీ నాది నడవాలి," అంది సీతమ్మ.

తెల్లారి ఆమే స్వయంగా సిద్దిరాములుకు కబురు పెట్టి, మూల మీద నిలబడి స్తంభం పాతించింది. బుజ్జిబాబు ఇంట్లోనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. పేపరు తిరగేసి పట్టుకున్నాడని సిద్దిరాములు చెబుతాడు గానీ, అది అతని కల్పనేమో.

తీగ లాగారు. పెద్ద మీటరు బిగించారు. ఈసారి రామ్‌దాస్ బుద్ధిగా ప్లేటు ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క అంకె చదువుతూ కల్యాణికి ఫోన్‌లో చెప్పాడు. ఆమె చెప్పినట్టే ఒక్కో వరుసను ఒక్కో ఫేజుకు కట్టాడు, మూడింటి రెండో కొసలను న్యూట్రల్‌కు కలిపాడు. మోటార్లకు అలవాటైన చెయ్యి మధ్యలో ఒకసారి ఫేజుకూ ఫేజుకూ మధ్య కట్టబోయింది. అతను ఆ మాట ఫోన్‌లో చెప్పగానే, అలా కడితే ఒక్కో కాయిలు మీదా దాదాపు రెట్టింపు వోల్టేజీ పడి, మొదటి రోజే మాడిపోతాయని కల్యాణి అరిచింది. రామ్‌దాస్ చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"సూసినవా?" అంది రుక్మాబాయి.

"సూసిన తియ్," అన్నాడు రామ్‌దాస్.

ఈసారి వీధిలో ఒక్క బల్బు కూడా కునుకు తియ్యలేదు. మూడు వరుసలూ ఒక్కలాగే ఎర్రబడి, తర్వాత నారింజ రంగుకు తిరిగాయి. బెజ్జంలోంచి చూసిన రుక్మాబాయికి కుండలు కూడా వెలుగుతూ కనిపించాయి. మామ ఆవం నడిమధ్య నిప్పు ఇదే రంగులో ఉండేది. చల్లారాక కింది వరుసలోని కుండనే ముందు తీసి, మెటికతో కొట్టింది. ఖంగుమంది. ఇంకోటి కొట్టింది. ఇంట్లోని ప్రతి కుండనూ కొట్టి చూసిందని రామ్‌దాస్ ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

పెళ్లినాడు డప్పులతో సీతమ్మా, చుట్టాలైన ఆడవాళ్లూ వచ్చారు. వెనకాల బుజ్జిబాబు చీర పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. రుక్మాబాయి అందరి ముందూ ఒక్కో కుండలో నీళ్లు పోసి, ఆయన చూసేదాకా ఆగి, ఒలకబోసి ఇచ్చింది. చీర కూడా అందుకుంది. ఆ పిల్ల సాహిత్యతో ఆమెకేం పగ? పిల్ల చల్లగా ఉండాలని నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆచారం ప్రకారం కుండలతో పాటు పందిరిదాకా తానూ నడిచింది.

పందిరి దగ్గరికొచ్చేసరికి కళ్లు మండాయి. బుజ్జిబాబు ఇంటి పక్క ఖాళీ ప్లాటులో వంటవాళ్లు పొడుగాటి గాడిపొయ్యిలు తవ్వి, మొద్దులు పేర్చి, పెద్ద పెద్ద గుండిగలు ఎక్కించారు. పచ్చి కట్టెలేమో, పొగ గోడలా లేచి కాలనీ మీద పరుచుకుంది. మేడల మీద ఆరేసిన బట్టలన్నీ ఆ పొగలోనే ఊగుతున్నాయి. అప్పుడు గ్రూపులో దగ్గు అన్నాయనా, పసిపిల్లలన్నాయనా తువ్వాళ్లతో కళ్లు తుడుచుకుంటూ, పులావు వాసన బాగుందని చెప్పుకుంటున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. పెళ్లికూతురిని తీస్తున్నారు, పందిరిని తీస్తున్నారు.

రుక్మాబాయి అక్కడే ఆగిపోయింది. మర్యాదకు ఊరుకోవలసిన చోటని ఆమెకూ తెలుసు. అయినా బుజ్జిబాబు వైపు తిరిగింది.

"సారూ, పొగొస్తున్నది," అంది.

బుజ్జిబాబుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొయ్యిల వైపు చూశాడు, చుట్టాల వైపు చూశాడు.

"పెళ్లి కదమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ ఒక్కరోజే కదా."

"నాది గూడ నెలకొక్క దినమే ఉండె సారూ," అంది రుక్మాబాయి.

డప్పులు ఆగలేదు కాబట్టి ఆ మాట చాలామందికి వినబడలేదు. సీతమ్మకు వినబడింది. ఆమె నెత్తి మీది ఐరేని కుండను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తల వంచుకుని పందిట్లోకి నడిచింది. బుజ్జిబాబు భోజనం చేసి వెళ్లమన్నాడు. ఇంట్లో ఆవం ఎక్కించి వచ్చానని చెప్పి, రుక్మాబాయి కొత్త స్తంభం పక్కనుంచి ఇంటికి వెళ్లిపోయింది.